సైకిలిచ్చాం సరే, దారేది?

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు కాకినాడలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఫిజిక్స్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

బడులు తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈ తొమ్మిది రోజుల్లో మీ అందరి ఇళ్లలో ఒక లెక్క నడుస్తుంది. ఆటోకి నెలకెంత, స్కూలు బస్సుకెంత, పొద్దున్న నాన్న దింపితే సాయంత్రం ఎవరు తీసుకొస్తారు, ట్యూషన్‌కి ఎవరు తీసుకెళ్తారు. ఆ లెక్కలోకి సైకిల్ అన్న మాట ఎందుకు రావడం లేదో మాట్లాడుకుందామనే నేనొచ్చాను. మన కాకినాడ బల్లపరుపు ఊరు. ఎక్కాల్సిన ఎత్తు లేదు, దిగాల్సిన పల్లం లేదు. వీధులు చాలా మటుకు తాడు పట్టి గీసినట్టుంటాయి. ఇలాంటి ఊళ్లో పిల్ల సైకిల్ మీద బడికి పోలేకపోతోందంటే లోపం పిల్లలో లేదు, సైకిల్లో లేదు.

ముందు నా సంగతి చెప్తాను. ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మాది పిఠాపురం అవతల ఒక పల్లెటూరు. హైస్కూలు ఐదు కిలోమీటర్లు. 1974లో ఎనిమిదో తరగతిలో చేరాను. మా నాన్నగారి సైకిల్ పెద్దది, సీటెక్కితే నా కాళ్లు అందేవి కావు. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒంటిని ఓ పక్కకి వంచి తొక్కేదాన్ని. దాన్ని కాంచీ తొక్కుడంటారు కొందరు. మీలో నలభై దాటినవాళ్లు నవ్వుతున్నారు, అంటే మీరూ తొక్కినవాళ్లే. మోకాళ్లు చెక్కుకుపోయేవి. నెల తిరిగేసరికి బారు మీద నుంచి కాలేసి తొక్కడం వచ్చేసింది. పరికిణీ ఎగ్గట్టుకుని, క్యారియర్ మీద పుస్తకాలు పెట్టుకుని, కాలవ గట్టు మీద వెళ్తుంటే ఆ పొద్దుటి గాలి ఇప్పటికీ నా ఒంటికి గుర్తుంది.

తొమ్మిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. పేరంటం అయింది, ఓణీ వచ్చింది, సైకిల్ పోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఎదిగిన పిల్ల సైకిలేమిటి అన్నారంతే. నడిచి వెళ్లడానికి గంట పైన పట్టేది. వానాకాలంలో ఆ గట్టు మీద నడక సాగదు. వారానికి రెండు రోజులు మానేసేదాన్ని, తర్వాత మూడు రోజులు. ఆ వరసన ఇంకో నెల సాగి ఉంటే ఇవాళ మీ ముందు టీచరుగా నిలబడేదాన్ని కాదు. మా లెక్కల మాష్టారు ఓ సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా నాన్నతో ఏం మాట్లాడారో లోపలికి వినపడలేదు. మర్నాడు నాన్న సైకిల్ షాపుకి తీసుకెళ్లి చైనుకి నిండుగా రేకు కవరు వేయించారు, ఓణీ పడకుండా. ఆ రేకుకి ఎంతయిందో తెలీదు. నా పదో తరగతి, నా డిగ్రీ, నా ఉద్యోగం, అన్నీ ఆ రేకు చలవే.

నేనొక్కదాన్నే అనుకోకండి. 1991లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది, అరివొళి ఇయక్కం అని. అప్పుడక్కడ కలెక్టరు షీలా రాణి చుంకత్. అక్షరాలతో పాటు ఆడవాళ్లకి సైకిల్ తొక్కడం నేర్పించారు. కూలి పనులకెళ్లే ఆడవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టే ఆడవాళ్లు, అంగన్‌వాడీ వాళ్లు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. ఊరు చూసి నవ్వింది, ఈలలు వేసింది. వాళ్లు ఆగలేదు. సైకిలొచ్చాక నీళ్లు తెచ్చుకోడానికి, సరుకు అమ్ముకోడానికి, పిల్లల్ని దింపడానికి మగవాడి కోసం కాచుక్కూర్చునే పని తప్పింది.

తర్వాత 2006లో బీహారు. తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి ఆడపిల్లకీ సైకిల్ కొనుక్కోమని అక్కడి ప్రభుత్వం డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. పక్కనే ఉన్న జార్ఖండ్‌లో ఈ పథకం లేదు కాబట్టి ఆ రాష్ట్రంతో పోల్చి చూశారు. సెకండరీ చదువులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. మగపిల్లలకీ ఆడపిల్లలకీ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. హైస్కూలు మూడు కిలోమీటర్లకి పైన ఉన్న ఊళ్లలో పెరుగుదల ఎక్కువ. బడి మారలేదు, మాష్టార్లు మారలేదు, పుస్తకాలు మారలేదు. దూరం తగ్గింది, అంతే. పశ్చిమ బెంగాల్ వాళ్లు 2015 నుంచి సబుజ్ సాథీ పేరుతో మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఇస్తున్నారు. మన రాష్ట్రంలో కూడా బడికొస్తా పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. మా బడికొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆ సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉంటే పిల్లలు బెల్లు మోగించి మోగించి ఆ పూట పాఠం జరగనివ్వలేదు. నేనూ జరపలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2007 నుంచి 2017 వరకు దేశంలో బడికి సైకిల్ మీద వెళ్లే పిల్లలు ఎంతమందో ఐఐటీ ఢిల్లీకి చెందిన పరిశోధకులు లెక్కతీశారు. పల్లెల్లో వందకి ఆరుగురు వెళ్లేవాళ్లు, పదేళ్లలో పన్నెండుగురయ్యారు. పల్లెటూరి ఆడపిల్లల్లో నాలుగున్నర శాతం ఉన్నది 11 శాతమైంది. మరి పట్నాల్లో? 7.8 శాతం ఉన్నది 8.3 అయింది. అంటే కదల్లేదు.

ఈ అంకెలు చూసినప్పటి నుంచీ నా మనసులో ఒకటే తిరుగుతోంది. పల్లెటూరి పిల్ల ఐదు కిలోమీటర్లు తొక్కుతోంది. పట్నం పిల్లకి బడి రెండు కిలోమీటర్లే, అయినా తొక్కడం లేదు. పట్నం పిల్లకి సైకిల్ లేదా? ఉంది! మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి వెళ్లి చూడండి. గేర్ల సైకిళ్లు, పదివేలవి, పదిహేను వేలవి, టైర్లలో గాలి దిగిపోయి దుమ్ము పట్టి పడుంటాయి. పుట్టినరోజుకి కొన్నారు, సెల్లార్లోనే రౌండ్లు కొట్టించారు, గేటు దాటనివ్వలేదు. ఎందుకు దాటనివ్వలేదని నేను తల్లులనడిగాను. వందమందినడిగితే వందమందీ ఒకటే చెప్పారు. భయం టీచర్, రోడ్డంటే భయం.

ఆ భయం తప్పని నేననను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1 లక్షా 68 వేల మందికి పైగా పోయారు. అమ్మ భయపడకపోతే ఎవరు భయపడతారు? కానీ భయపడి మనమేం చేస్తున్నాం? పిల్లని బండి మీదో కారులోనో దింపుతున్నాం. నేను దింపుతాను, మీరు దింపుతారు, పక్కింటివాళ్లు దింపుతారు. తొమ్మిదింటికి బడి గేటు ముందు రెండొందల బండ్లు. ఆ రెండొందల బండ్లను చూసి ఇంకో తల్లి భయపడి తనూ బండి తీస్తుంది. ఆ తల్లి దేనికి భయపడుతోందో చూశారా? మనకే.

ఈ ముడి ఎక్కడా విడలేదా అంటే, విడిన చోటుంది. నెదర్లాండ్స్. ఆ మాట ఎత్తగానే వాళ్ల దేశం వేరండీ అంటారు. వేరేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్లూ కార్లు కొన్నారు, ఇళ్లు కొట్టేసి రోడ్లు వెడల్పు చేశారు, సైకిల్ తొక్కేవాళ్లని అడ్డం అనుకున్నారు. 1971 ఒక్క ఏడాదిలో, అప్పటికి కోటీ ముప్పై లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో, దాదాపు 3,300 మంది రోడ్ల మీద పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలాగే పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడు పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దానికి పెట్టిన పేరు 'పిల్లల హత్యలు ఆపండి'. ప్రమాదం అనలేదాయన, హత్య అన్నాడు. ఆ పేరుతోనే ఉద్యమం లేచింది. తల్లులు, తండ్రులు, పిల్లలు వీధులకి అడ్డంగా కూర్చున్నారు. అది జరుగుతుండగానే 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. పెట్రోలు పొదుపు కోసం అక్కడి ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కార్లు తియ్యొద్దంది. ఖాళీ రోడ్ల మీద జనం సైకిళ్లేసుకుని తిరిగారు. రోడ్డు ఇలాక్కూడా ఉంటుందని కళ్లారా చూశారు. అక్కణ్ణుంచి ఏళ్ల తరబడి పని చేస్తే ఇవాళ్టి నెదర్లాండ్స్ అయింది. 2010లో అక్కడ రోడ్డు మీద పోయిన పిల్లలు 14 మంది. ఆ పద్నాలుగు కూడా ఉండకూడదనే వాళ్లు పని చేస్తున్నారు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకి బడిలోనే ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది. రాత పరీక్ష కాక, నిజం రోడ్డు మీద సైకిల్ తొక్కి చూపించే పరీక్ష.

ఆ తల్లిదండ్రులు పిల్లలకి హెల్మెట్లిమ్మని అడగలేదు, సైకిళ్లిమ్మనీ అడగలేదు. దారి అడిగారు.

ఫిజిక్స్ టీచర్ని కదా, ఒక్క లెక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పిల్లలు కూడా వినండి. బడి గేటు ముందు ఒక కారు 30 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, ఇంకొకటి 50తో వస్తోంది. రెండిటికీ ఒకే చోట ఒక పిల్ల అడ్డమొచ్చింది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలేసేసరికి ఒక సెకను పడుతుందనుకుందాం. 30లో ఉన్నవాడు ఆ సెకనులో 8 మీటర్లు వస్తాడు, బ్రేకు వేశాక ఇంకో 5. మొత్తం 13 మీటర్లలో ఆగిపోయాడు. 50లో ఉన్నవాడు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేశాడు. అర్థమైందా? మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండివాడు బ్రేకు మీద ఇంకా కాలే వేయలేదు. ఆ పిల్ల ఆ చోట ఉంటే 50 వేగం మొత్తం ఆమె మీద పడుతుంది. ఇది పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న బండికి. శ్రావణమాసం రోడ్డు సంగతి మీరే ఊహించుకోండి. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగు రెట్లవుతుందని తొమ్మిదో తరగతిలోనే చెప్తాం. పరీక్షలో అందరూ రాస్తారు, రోడ్డు మీదికొచ్చాక మర్చిపోతారు.

కాబట్టి నేనడిగేది ఊరంతా సైకిల్ ట్రాకులేయమని కాదు. వేస్తే సంతోషమే. హైదరాబాదులో అవుటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల ట్రాకు వేశారు, పైన సోలార్ కప్పు కూడా ఉంది. ఎండ పడదు, కరెంటు వస్తుంది, చాలా మంచి ఆలోచన. పొద్దున్నే వ్యాయామానికి వెళ్లేవాళ్లకి బాగా పనికొస్తుంది. కానీ పిల్ల బడికి పోయే దారి ఊరి మధ్యలో, ఇంటి సందులోంచి బడి గేటు దాకా ఉంటుంది. నేనడిగేది ఆ దారి. ముందుగా బడి చుట్టూ అర కిలోమీటరు. అందులోనూ ముందు గేటున్న వీధి. పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట ఆ వీధిలోకి బండ్లు రాకుండా ఆపాలి. ఇటలీలో బొల్జానో అనే ఊరివాళ్లు 1989లోనే ఇది మొదలుపెట్టారు. ఇప్పుడు పారిస్‌లో బడి ముందు వీధుల్ని చాలా చోట్ల పిల్లలకే వదిలేశారు. దీనికి కోట్లు అక్కర్లేదు. రెండు బారికేడ్లు, ఒక కానిస్టేబులో హోంగార్డో, ఇద్దరు తల్లిదండ్రులు చాలు. బండి మీద దింపేవాళ్లు రెండొందల మీటర్ల అవతలే దింపి, పిల్లని నడిపించుకురావాలి. వీధిలో ఇళ్లున్నవాళ్లకీ, అంబులెన్సుకీ దారి వదలాలి, అది మాట్లాడుకుంటే కుదిరేదే. మన రథోత్సవానికి, వినాయక నిమజ్జనానికి రోడ్లు ఆపుకోవడం మనకి తెలియని పనా?

రెండోది నీడ. అమ్మా, ఎండ ఎండ అంటారు, నిజమే. ఒంటిపూట బడుల రోజుల్లో పన్నెండున్నరకి పిల్లలు బయటికొచ్చేసరికి తారు రోడ్డు పెనంలా ఉంటుంది. కానీ కానుగ చెట్ల కింద నడిచి చూడండి, అదే ఎండ, అదే రోడ్డు, ఒళ్లు వేరుగా ఉంటుంది. వెడల్పు చేయడం కోసమని చెట్లు కొట్టిన ప్రతి రోడ్డు మీద సైకిల్ తొక్కేవాళ్లు తగ్గడం ఈ కళ్లతో చూశాను. ట్రాకు కావాలని అర్జీ పెట్టేటప్పుడు పక్కన చెట్టు కూడా కావాలని రాయండి. వేప, కానుగ, నిద్రగన్నేరు, మన నేలలో వచ్చేవే.

ఇంకొక్క మాట కటువుగా చెప్పాలి. సైకిల్ మీద పంపడానికి భయపడే ఇళ్లలోనే ఎనిమిదో తరగతి పిల్లాడికి స్కూటీ తాళం ఇస్తున్నారు. ట్యూషన్‌కి టైమైపోతోందని. వెనక ఇద్దరు స్నేహితులు, హెల్మెట్ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 25 వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. చట్టం మాట అలా ఉంచండి. నా క్లాసులో ఒక బెంచీ మీద ఒక చోటు అలా ఖాళీ అయింది. మిగతా పిల్లలు ఆ సంవత్సరమంతా ఆ చోట ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఇంతకంటే నేను చెప్పలేను.

సైకిలంటే చిన్నతనం అనే మాట కూడా ఉంది మనలో. డబ్బున్నవాడు వ్యాయామానికి తొక్కితే గొప్ప, తాపీమేస్త్రి పనికి తొక్కుకుంటూ పోతే పేదరికం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలుంది. పొద్దున్నే నాలుగింటికి మనకి పేపరేసే కుర్రాడు, పాలాయన, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్, వీళ్లంతా ఏ దారీ లేకుండానే ఇన్నేళ్లుగా తొక్కుతున్నారు. పిల్లల కోసం మనం అడిగే దారి వాళ్లకి కూడా వస్తుంది. వచ్చి తీరాలి. ఈ లోపు మీ వీధి వాచ్‌మన్ సైకిల్ వెనక మడ్‌గార్డుకి ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కరు అంటించండి. అతని ప్రాణానికి అదెంత ఆసరానో మీకు తెలీదు.

దారి వచ్చేదాకా ఆగాలా అంటే అక్కర్లేదు. రిటైరయ్యే ముందు రెండేళ్లు మా బడిలో నేనొక పని చేశాను. ఒకే వైపు నుంచి వచ్చే పిల్లల్ని జట్టు కట్టించాను. ఎనిమిదిన్నరకి రామాలయం దగ్గర నలుగురు కలుస్తారు, తర్వాతి సందు దగ్గర ముగ్గురు, వాటర్ ట్యాంకు దగ్గర ఇంకో ఐదుగురు. ముందొక పెద్ద, వెనకొక పెద్ద. ముందు నేను, వెనక మా బడి అటెండరు. ఒక్క పిల్ల సైకిల్ మీద వెళ్తుంటే లారీవాడికి కనపడదు. పన్నెండు మంది బెల్లు కొట్టుకుంటూ వెళ్తుంటే ఎవడికైనా కనపడతారు, ఎవడైనా వేగం తగ్గిస్తాడు. ఏడుగురితో మొదలుపెట్టాను, రెండో ఏడాదికి ముప్పై ఒకటి మందయ్యారు. బార్సిలోనాలో 2021 నుంచి ఇలాగే గుంపులుగా వెళ్తున్నారని తర్వాత వీడియోల్లో చూసి, మా వాటర్ ట్యాంకు పిల్లలే గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంక నేనాపేస్తాను. అడగాల్సినవేమైనా ఉంటే అడగండి.

(సభలో నుంచి ఒక తల్లి: "టీచర్, మా పాపకి పదమూడేళ్లు. రోడ్డు సంగతి మీరు చెప్పారు. దారిలో కుర్రాళ్లు వెంటపడతారేమోనని నా భయం. ఆటోలో అయితే కనీసం నలుగురితో ఉంటుంది కదా?")

మంచి మాట అడిగావమ్మా. అందరూ మనసులో పెట్టుకుని కూర్చున్నదే నువ్వడిగావు. నలుగురితో ఉంటుందన్నావు చూడు, జట్టు కట్టమన్నది అందుకే. ఒక్కర్తినే పంపమని నేను చెప్పను. ఇంకోటి, దారి నువ్వు ఎంచు. మెయిన్ రోడ్డు వద్దు, మరీ మనుషులు తిరగని సందూ వద్దు. టిఫిన్ బండి, కిరాణా కొట్టు, టైలరు షాపు ఉన్న వీధి చూడు. ఆ కొట్ల వాళ్లతో ఒకసారి వెళ్లి మాట్లాడు, మా పిల్లలు రోజూ ఈ దారిన వెళ్తారు బాబాయ్, కాస్త కనిపెట్టుకుని ఉండండని. మా జట్టు వెళ్లే వీధిలో ఒక టైలరుగారు పిల్లలు దాటేదాకా మిషన్ ఆపి బయట నిలబడేవారు, ఎవరూ చెప్పకుండానే. ఎవడైనా వెంటపడితే సైకిల్ పిల్ల దగ్గర నుంచి లాక్కోవద్దు, వాడి సంగతి చూద్దాం. ఆ పని నాకొదిలెయ్.

మీ పాప సైకిల్‌కి చైను కవరుందా? లేదా. పర్లేదు. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఈ మైదానంలోకే తీసుకురా. మెకానిక్కుకి చెప్పాను, వస్తాడు. గాలి పంపు, ప్యాచీలు నేను తెస్తాను. సెల్లార్లలో పడున్నవన్నీ తీసుకురండి, అందరికీ చెప్తున్నాను. బ్రేకులు, బెల్లు చూసుకున్నాక, పిల్లలతో పాటు మనమూ బడి గేటు దాకా ఒకసారి తొక్కుకుంటూ వెళ్లొద్దాం. ఎక్కడ మ్యాన్‌హోల్ మూత లేదో, ఎక్కడ మలుపు కనపడటం లేదో, ఎక్కడ కుక్కలుంటాయో కాగితం మీద రాసుకుందాం. సోమవారం ఆ కాగితం పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్దాం. నాతో ఎవరెవరొస్తారు, చేతులెత్తండి.